కుక్కకి సిజేరియనా... అని నవ్వకండి!

పెంపుడు కుక్క పురుడు గురించి ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసిన సంగతులు

"కుక్కకి ఆపరేషన్ చేసి పిల్లల్ని తీశారట!" అంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత "మనుషులకే దిక్కులేదు గానీ కుక్కకి సిజేరియనా!" అని ముక్కున వేలేసుకుంటారు. పశువైద్యురాలిగా ఇరవయ్యేళ్లు దాటిన నా సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విని విసుక్కోను. అలా నవ్వినవాళ్లే రేపు తమ ఇంటి కుక్క నొప్పులు పడుతూ దీనంగా చూస్తుంటే కాళ్లూ చేతులూ ఆడక పరుగెత్తుకొస్తారు మరి!

అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కుక్కపిల్ల కావాలని మారాం చేసేది పిల్లలు. కొని తెచ్చేది వాళ్ల నాన్న. అన్నం కలిపి పెట్టేది, నీళ్లు పోసేది, జ్వరమొస్తే మందు మింగించేది మాత్రం ఇల్లాలే. ఆఖరికి అది ఈనే వేళకి పక్కన కూర్చునేదీ ఆవిడే. ఆ సమయంలో ఏది మామూలో, ఏది ప్రమాదమో ఆవిడకి తెలిసి ఉంటే తల్లీపిల్లలు రెండు విధాలా బతికి బయటపడతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

లెక్క 63 రోజులు

కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే రెండు నెలల పైచిలుకు. కానీ కట్టించిన రోజు నుంచి లెక్కపెడితే 58వ రోజున ఈనవచ్చు, 68వ రోజున కూడా ఈనవచ్చు. మగకుక్క వీర్యం ఆడకుక్క గర్భంలో కొన్నిరోజుల పాటు సజీవంగా ఉంటుంది కాబట్టి అసలు చూలు ఏ రోజు నిలిచిందో పైకి తెలియదు. ఎన్నిసార్లు కట్టిస్తే అన్ని తేదీలూ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. పాలవాడి లెక్క రాసుకున్నట్టే ఇదీనూ.

55 రోజులు దాటాక ఒక ఎక్స్‌రే తీయిస్తే కడుపులో ఎన్ని పిల్లలున్నాయో లెక్క తేలుతుంది. "ఎక్స్‌రే ఎందుకండీ, పుట్టాక చూసుకోవచ్చు కదా!" అంటారు చాలామంది. ఐదు పిల్లలున్నాయని తెలిసినప్పుడే కదా, నాలుగు పుట్టి ఊరుకుంటే లోపల ఇంకొకటి మిగిలిపోయిందని గ్రహించేది!

చివరి వారం పది రోజులూ ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడాలి. ఆ థర్మామీటరు కుక్కకే కేటాయించండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. చూలును నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గిపోవడంతో ఈనే ముందు ఈ వేడి 99 కంటే కిందికి దిగుతుంది. దిగిన తర్వాత సాధారణంగా 24 గంటల్లోపు నొప్పులు మొదలవుతాయి. ఈ గుర్తు పట్టుకున్నవాళ్లకి హైరానా సగం తగ్గినట్టే.

మామూలు పురుడు ఎలా ఉంటుంది?

మొదటి దశలో నొప్పులు పైకి కనిపించవు. తిండి మానేస్తుంది. రొప్పుతుంది, వణుకుతుంది, మంచం కిందికి దూరి పాత చీరలూ దుప్పట్లూ గోకి పోగు చేసుకుంటుంది. ఇది ఆరు నుంచి పన్నెండు గంటలు. తొలిచూలు కుక్కకి కొంచెం ఎక్కువే పట్టవచ్చు.

రెండో దశలో కడుపు బిగబట్టి ముక్కుతుంది. ఉమ్మనీరు పోయి పిల్ల బయటికి వస్తుంది. పిల్లకీ పిల్లకీ మధ్య అరగంట, గంట పట్టడం మామూలే. ఒక్కోసారి మధ్యలో విశ్రాంతి తీసుకుంటుంది కూడా. పిల్ల వెనక కాళ్లు ముందు వస్తే కంగారు పడిపోతుంటారు. కుక్కల్లో నూటికి దాదాపు నలభై పిల్లలు అలాగే పుడతాయి. మనుషుల్లోలా అది ఎదురుకాళ్ల కాన్పు కింద లెక్క కాదు.

మూడో దశ మాయ పడటం. చాలావరకు ప్రతి పిల్ల వెంటా దాని మాయ పడిపోతుంది. తల్లి దాన్ని తినేస్తే "అయ్యో, ఛీ!" అని లాక్కోకండి. అది దాని స్వభావం. మరీ ఎక్కువ తింటే కాస్త విరేచనాలవుతాయి, అంతే.

వీధికుక్క ఆగి ఉన్న లారీ కిందో, ఇసుకగుట్ట పక్కనో గొయ్యి తవ్వుకుని ఎవరి సాయమూ లేకుండానే ఈనేస్తుంది. మరి ఏసీ గదిలో పెరిగిన మన కుక్కకి ఎందుకు కష్టమవుతోంది?

ఎందుకు అడ్డం తిరుగుతుంది?

అన్నిటికంటే ఎక్కువగా చూసే కారణం గర్భసంచి అలిసిపోవడం. కొన్నిటికి నొప్పులు అసలు మొదలే కావు. కొన్నిటికి రెండు మూడు పిల్లలు పుట్టాక ఆగిపోతాయి. కడుపులో ఒకే ఒక్క పిల్ల ఉంటే నొప్పులు రప్పించే సంకేతం చాలదు, పైగా ఆ ఒక్కటీ బాగా పెరిగిపోయి ఉంటుంది. మరీ ఎక్కువ పిల్లలుంటే గర్భసంచి సాగిపోయి పట్టు కోల్పోతుంది. లావెక్కిన కుక్కలకీ, వయసు మీరాక తొలిసారి చూలు కట్టిన వాటికీ ఈ బాధ ఎక్కువ. ఇవి కాక పిల్ల తల పక్కకి తిరిగిపోవడం, అడ్డంగా ఉండిపోవడం, తల్లికి ఎప్పుడో స్కూటరు గుద్ది కటి ఎముక వంకరగా అతుక్కుని దారి ఇరుకైపోవడం వంటివీ ఉంటాయి.

ఇక మనిషి చేతులారా తెచ్చిపెట్టిన కారణం ఇంకొకటుంది. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్... ఈ చప్పిడి మూతి జాతులు చూడ్డానికి బొమ్మల్లా ఉంటాయి. తల పెద్దది, భుజాలు వెడల్పు, తల్లి నడుము మాత్రం సన్నం. ఆ తల ఆ దారిలో ఎలా పడుతుంది చెప్పండి? బ్రిటన్‌లో జాతి కుక్కల ఈతల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెరియర్ జాతుల్లో ఈతలు నూటికి ఎనభైకి పైగా సిజేరియన్‌తోనే జరిగాయని అందులో తేలింది. అందం కోసం మనం దిద్దిన ముఖానికి మూల్యం చెల్లిస్తున్నది ఆ తల్లి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఇది మాత్రం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

* గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే.
* నొప్పులు బలహీనంగా వచ్చి పోతూ రెండు గంటలు దాటినా, లోపల ఇంకా పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలు గడిచినా.
* మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ రంగు స్రావం కనిపిస్తే. మాయ గర్భసంచి నుంచి విడిపోతోందని, లోపల పిల్లకి ఊపిరి అందడం లేదని దానర్థం. పిల్ల పుట్టిన తర్వాత అదే రంగు కనిపిస్తే భయం లేదు.
* పిల్ల తోకో, కాలో, ఉమ్మసంచో ద్వారం దగ్గర కనిపించి పావుగంటైనా ముందుకు రాకపోతే.
* వేడి 99 కిందికి దిగి 24 గంటలైనా నొప్పులు రాకపోతే.
* కట్టించి 70 రోజులు దాటిపోతే.
* తల్లి నిలబడలేక తూలిపోతున్నా, వణుకుతూ కొయ్యబారుతున్నా, నెత్తురు ధారగా పోతున్నా.

ద్వారం దగ్గర కనిపించిన పిల్లని పట్టుకుని లాగేయాలని చూడకండి. కాలు ఊడి చేతికొచ్చిన సందర్భాలు నేను చూశాను.

"ఒక సూది వేస్తే సరిపోతుంది కదా?"

గేదెలు పాలు చేపడానికి కొందరు వేసే సూది గురించి మీరు వినే ఉంటారు. దాని పేరు ఆక్సిటోసిన్. అదే సూది కుక్కకి వేస్తే గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది. దారి తెరుచుకుని ఉండి, నొప్పులు మాత్రమే చాలని కుక్కకి మేం కూడా వేస్తాం. చాలా తక్కువ మోతాదులో, ముందు లోపల పరీక్ష చేసి, అవసరమైతే కాల్షియం ఎక్కించాక.

కానీ పిల్ల అడ్డం పడి ఉన్నప్పుడు ఈ సూది వేస్తే? మూసిన తలుపుకేసి బస్సును నెట్టినట్టే! గర్భసంచి చిరిగిపోవచ్చు. మాయ ముందుగా విడిపోయి లోపలి పిల్లలు ఊపిరాడక చనిపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చి, తెలిసినాయన చేత వేయించి, అది పనిచేయక ఇంకోటి వేయించి, ఆఖరున మా దగ్గరికి తెచ్చేసరికి మాకు మిగిలేది కొంచెమే. అలాంటి కేసు ఒకటి చెబుతాను.

ఒక పగ్ కథ

పక్క ఊళ్లో స్కూల్లో టీచరుగా పనిచేసే ఒకావిడ రాత్రి పదకొండు దాటాక ఆటోలో వచ్చింది. ఒళ్లో బట్టల బుట్ట, బుట్టలో పగ్. దాని పేరు బబ్లీ. మధ్యాహ్నం మూడింటి నుంచీ నొప్పులు. కుక్కలు పెంచి అమ్మే ఆయనొకడు సాయంత్రం వచ్చి రెండు సూదులు వేసి "రాత్రికి ఈనేస్తుంది, కంగారు పడకండి" అని వెళ్లాడట. నేను చూసేసరికి కుక్క ముక్కడం కూడా మానేసింది. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఆకుపచ్చ స్రావం తోకంతా అంటుకుని ఉంది.

స్కానింగ్ పెట్టాను. కడుపులో పిల్ల గుండె నిమిషానికి 200కి పైన కొట్టుకోవాలి. 180 కంటే తగ్గితే పిల్ల ఇబ్బందిలో ఉన్నట్టు. 160 కంటే దిగితే ఇక ఆలస్యం పనికిరాదు. లోపల మూడు పిల్లలున్నాయి. ఒకదాని గుండె 170. ఇంకొకదానిది 150. మూడోది ఆగిపోయింది.

"ఆపరేషన్ చేయాలమ్మా. ఇప్పుడే" అన్నాను.

ఆవిడ భర్త క్యాంపులో ఉన్నాడు. ఫోన్లో అత్తగారు. స్పీకర్లోంచి నాకూ వినిపిస్తూనే ఉంది. "వేలకి వేలు పోసి కుక్కకి కాన్పు చేయిస్తావా? ఊరు నవ్వుతుంది. పొద్దున్నకి బతికితే బతుకుతుంది, లేకపోతే లేదు. ఇంటికి తీసుకొచ్చెయ్."

నేనేం మాట్లాడలేదు. అది నేను చెప్పవలసిన మాట కాదు. ఆవిడ కాసేపు బబ్లీ తల నిమురుతూ కూర్చుంది. నా వైపు తిరిగి "మేడమ్, ఇది బతుకుతుందా?" అంది.

"ఇప్పుడు చేస్తే తల్లి బతకడానికి అవకాశం బాగానే ఉంది. పిల్లల సంగతి చెప్పలేను. చేయకపోతే మూడింటితో పాటు తల్లీ పోతుంది" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పడమే నా పని.

ఆవిడ ఫోను దగ్గరికి తీసుకుని, "అత్తయ్యా, నాకు మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా పొద్దుటిదాకా చూద్దామనే అన్నారు. ఇప్పుడు నేను ఆగలేను" అంది. అంతే. ఫోను పెట్టేసి "సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

ఆపరేషన్ ఇలా చేస్తాం

ఈ ఆపరేషన్లో మాకు గడియారంతోనే పందెం. తల్లికి ఇచ్చే మత్తు మాయ గుండా పిల్లలకీ పోతుంది. అందుకే మత్తు ఇచ్చిన క్షణం నుంచి ఆఖరి పిల్ల బయటికొచ్చేవరకూ ఎంత తక్కువ సమయం పడితే అంత మంచిది. పొట్ట మీద వెంట్రుకలు గొరగడం, సెలైన్ పెట్టడం, మూతికి ఆక్సిజన్ పట్టడం, ఇవన్నీ కుక్క మెలకువగా ఉండగానే ముగిస్తాం. సదుపాయం ఉన్నచోట ప్రొపొఫాల్ అనే మందుతో నిద్రపుచ్చి, ఐసోఫ్లూరేన్ అనే గ్యాసు మత్తు మీద ఉంచుతారు. గ్యాసు యంత్రం లేని చిన్న ఊళ్లలో వెన్నులో మత్తు సూది వేసి, కొద్దిపాటి మందుతో కుక్కని నెమ్మదిగా ఉంచి చేయడమూ ఉంది. ఆడవాళ్ల సిజేరియన్లో నడుముకి వేసే సూది లాంటిదే.

కుక్క గర్భసంచి మనిషిది లాగా ఒకే సంచి కాదు. రెండు పొడవాటి కొమ్ముల్లా చీలి ఉంటుంది. పిల్లలు ఆ రెండు కొమ్ముల్లోనూ చిక్కుడుకాయలో గింజల్లా వరసగా ఉంటాయి. బొడ్డు కింద నట్టనడుమ, కండ కోయకుండా తెల్లటి గీతలాంటి పొర మీద కోస్తాం. గర్భసంచిని బయటికి తీసి, చుట్టూ తడి గుడ్డలు పరుస్తాం. లోపలి ద్రవం కడుపులోకి పోకూడదు. సాధారణంగా రెండు కొమ్ములూ కలిసేచోట ఒక్కటే గాటు పెడతాం. ఒక్కో పిల్లని కొమ్ము వెంబడి మెల్లగా పిండుకుంటూ ఆ గాటు దాకా తెచ్చి బయటికి తీస్తాం. ఉమ్మసంచి చింపి, బొడ్డుతాడు బిగించి, పక్కనున్నవాళ్ల చేతిలో పెడతాం.

ఆ రాత్రి పక్కనున్నది మా అటెండరు ఒక్కడే. పిల్లలు రెండు. అందుకే టీచరుగారికి చేతులు కడిగించి, తొడుగులు వేయించి, తువ్వాలు ఇచ్చాను. "బట్టలు ఉతికినట్టు కాదమ్మా, తల్లి నాలుకతో నాకినట్టు రుద్దాలి" అన్నాను. పిల్లని తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకోవాలి. ముక్కులో, నోట్లో ఉన్న నీటిని చిన్న రబ్బరు బుడ్డితో లాగేయాలి. వీపు మీదా ఛాతీ మీదా వెచ్చని పొడి గుడ్డతో రుద్దుతూనే ఉండాలి. పాతకాలంలో పిల్లని రెండు చేతులా పట్టుకుని గిరగిరా ఊపేవాళ్లు. అది ఇప్పుడు వద్దంటున్నాం. మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదం ఉంది. ఊపిరి రాకపోతే ముక్కు కింద పై పెదవి గాడిలో సన్నటి సూదితో గుచ్చుతాం. గుండె కొట్టుకుంటున్నంతసేపూ, ఇరవై నిమిషాలైనా సరే, వదలకూడదు.

మొదటిది వెంటనే కుయ్యిమంది. రెండోది నీలంగా, గుడ్డపీలికలా ఉంది. ఆవిడ రుద్దుతూనే ఉంది. నేను చనిపోయిన మూడో పిల్లని తీసి, గర్భసంచికి రెండు వరసల కుట్లు వేస్తున్నాను. అవి వాటంతటవే కరిగిపోయే దారాలు. కడుపు పొర కుట్టడం మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి పిల్లిపిల్ల కూసినట్టు సన్నటి గొంతు. "మేడమ్... మేడమ్..." అంటోంది ఆవిడ. ఇంకేం మాట రాలేదు. నేను తల తిప్పలేదు. చేతిలో సూది ఉంది. కానీ నా మాస్కు తడిసింది.

ఇంటికెళ్లాక...

ఆపరేషన్ అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటే కుదరదు. సగం పని ఇంటి దగ్గరే ఉంది.

మత్తు పూర్తిగా దిగేదాకా తల్లి దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలకండి. తెలియక వాటి మీద పడుకోవచ్చు, కరవనూ వచ్చు. తాను ముక్కి కనలేదు కాబట్టి కొన్ని తల్లులు "ఇవెక్కడివి?" అన్నట్టు చూస్తాయి. పిల్లల వాసన అలవాటు కావాలి. దగ్గరుండి మెల్లగా పాలకి పట్టించండి. మొదటి రోజు వచ్చే జున్నుపాలు పిల్లల కడుపులో పడి తీరాలి. రోగాలను తట్టుకునే శక్తి దానిలోనే ఉంటుంది.

పుట్టిన పిల్లకి తన ఒంటి వేడిని తాను కాపాడుకునే శక్తి లేదు. మొదటి వారం వణకడం కూడా చేతకాదు. పెట్టెలో 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలి. చలికాలమైతే గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టండి. మన ఎండాకాలంలో బల్బు పెట్టి ఉడికించకండి. అలాగని కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి. తల్లి వేడిగా ఉందనుకుంటే పక్కకి జరిగే చోటు ఉండాలి.

పిల్లల్ని రోజూ తూకం వేయండి. వంటింటి త్రాసు చాలు. రోజూ కొద్దికొద్దిగా పెరుగుతూ వారం పది రోజుల్లో బరువు రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోతే అదే మొదటి హెచ్చరిక. నోరు తెరిచి అంగిలి చూడండి. చీలిక ఉంటే పాలు ముక్కులోంచి వస్తాయి. తల్లి నాకకపోతే, వెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు కింద మీరే తుడవాలి. లేకపోతే పిల్లలకి మూత్రం రాదు.

తల్లికి పాలు లేవని ఆవుపాలు పోసేస్తుంటారు. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కంటే రెట్టింపు ఉంటాయి. పిల్లలకి అవి చాలవు. కుక్కపిల్లల కోసం తయారైన పాలపొడి డాక్టరుని అడిగి వాడండి.

ఇక బాలింత కుక్కకి పథ్యం పేరుతో బ్రెడ్డూ పాలూ పెట్టి ఊరుకోకండి. పిల్లలు ఎక్కువైతే మామూలు కంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. కోడిగుడ్డు, మాంసం, అన్నం, ఏది దానికి అలవాటో అదే కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. కుట్లు రోజూ చూడండి. ఎర్రబడి వాచినా, చీము కారినా తీసుకురండి. 10 నుంచి 14 రోజులకి కుట్లు విప్పుతాం. కొన్ని వారాల పాటు ముదురు రంగు మైల పోవడం సహజమే. దుర్వాసన వస్తే, దానికి తోడు జ్వరం వస్తే మాత్రం గర్భసంచి చీము పట్టినట్టు.

పిల్లలకి రెండు, మూడు వారాల వయసులో మరో గండం ఉంది. పాలలోకి పోయిపోయి తల్లి నెత్తురులో కాల్షియం పడిపోతుంది. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఎక్కువ. నడక బిగుసుకుపోతుంది, ఒళ్లు వణుకుతుంది, జ్వరం మండిపోతుంది. పిల్లల్ని పక్కకి తీసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నరానికి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే చూస్తుండగానే లేచి కూర్చుంటుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

చూలుతో ఉండగానే కాల్షియం మాత్రలు వేస్తే మంచిది కదా?

కాదు. అదే చాలామంది చేసే పని. చూలు సమయంలో అదనంగా కాల్షియం ఇస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది. ఈనాక పైన చెప్పిన గండం ఇంకా ఎక్కువవుతుంది. డాక్టరు చెబితేనే వేయండి.

ఒకసారి సిజేరియన్ అయితే ప్రతిసారీ అంతేనా?

కారణాన్ని బట్టి ఉంటుంది. పిల్ల అడ్డం తిరిగి చేస్తే మళ్లీసారి మామూలుగా ఈనవచ్చు. కటి ఇరుకైతే, చప్పిడి మూతి జాతి అయితే మళ్లీ ఇదే. అలాంటి కుక్కని మళ్లీ కట్టించకపోవడమే దయ.

పగ్‌కి ముందే తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించవచ్చా?

చేయించవచ్చు. కానీ రోజుల లెక్క ఒక్కటే చూసి కాదు. రెండు రోజులు ముందు తీసినా పిల్లల ఊపిరితిత్తులు పండి ఉండవు. రక్తంలో ప్రొజెస్టిరాన్ పరీక్ష, ఒంటి వేడి, స్కానింగ్ చూసి నిర్ణయించాలి. ముహూర్తం చూసి కాదు!

ఆపరేషన్‌తో పాటే గర్భసంచి తీసేస్తే పాలు ఎండిపోవా?

పోవు. పాలు రావడానికి కావలసిన ప్రొలాక్టిన్ మెదడు కింది గ్రంథి నుంచి వస్తుంది, గర్భసంచి నుంచి కాదు. తల్లి ఆరోగ్యం బాగుంటే రెండూ ఒకేసారి చేయవచ్చు. గర్భసంచి చిరిగినా, కుళ్లినా తీయక తప్పదు.

అవసరం లేకపోయినా కోస్తారేమోనని భయం...

ఈ అనుమానం మన ఆడవాళ్లకి ఎందుకొస్తుందో నాకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. అడగడం మీ హక్కు. "కారణం ఏమిటి? పిల్ల గుండె ఎంత కొట్టుకుంటోంది? మందుతో ప్రయత్నించే వీలుందా?" ఈ మూడూ అడగండి. సరైన డాక్టరు స్కానింగ్ తెర మీద చూపించి మరీ చెబుతారు.

ఖర్చు?

ఊరిని బట్టి, కుక్క బరువును బట్టి, రాత్రీ పగలును బట్టి మారుతుంది. చూలు నిర్ధారణ అయిన రోజే మీ ఊళ్లో రాత్రిపూట ఆపరేషన్ చేసేదెవరో, ఎంతవుతుందో కనుక్కుని ఆ డబ్బు పక్కన పెట్టండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. అందుబాటులో ఉన్నవాళ్లు అక్కడ ఏ వేళల్లో చూస్తారో ముందే అడిగి ఉంచుకోండి.

ఒక్క ఈతైనా ఉండాలా?

"ఆడపుట్టుక పుట్టాక ఒక్కసారైనా తల్లి కావాలి కదండీ, పాపం!" అంటారు. కుక్కకి ఆ బెంగ లేదు. ఒక ఈత ఈనితేనే ఆరోగ్యమన్నది కేవలం అపోహ. నిజానికి చిన్న వయసులోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల భయం బాగా తగ్గుతుంది, గర్భసంచికి చీము పట్టే జబ్బు రాదు. ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి మీ డాక్టరు చెబుతారు.

పిల్లల్ని అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయని కట్టించేవాళ్లూ ఉన్నారు. ఆ సంపాదన మీద ఆధారపడిన ఇళ్లు నాకు తెలుసు, వాళ్లని తప్పుపట్టను. కానీ ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టించి, ఏడాదికి రెండుసార్లు కడుపు కోయించి, ఆఖరికి పనికిరాదని రోడ్డు మీద వదిలేసిన తల్లుల్ని కూడా చూశాను. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు తెచ్చింది. పెంచి అమ్మేవాళ్లు 18 నెలలు నిండని ఆడకుక్కని కట్టించకూడదు. 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. కుక్కపిల్లని కొనేముందు "దీని తల్లిని చూపించండి" అని అడగండి. తల్లిని చూపించనివాళ్ల దగ్గర కొనకండి. ఆ ఒక్క ప్రశ్నతో ఎక్కడో చీకటి గదిలో ఉన్న ఓ తల్లికి మేలు చేసినవాళ్లవుతారు.

బబ్లీకి ఆ రాత్రే టీచరుగారి అనుమతితో గర్భసంచి తీసేశాను. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ వెంట అత్తగారు కూడా వచ్చింది. పిల్లలున్న బుట్ట ఆవిడ చేతిలోనే ఉంది. "ఆ చిన్నది సరిగ్గా తాగడం లేదమ్మా, కాస్త చూడు" అంది నాతో.

మరి మీ ఇంట్లో చూడి కుక్క ఉంటే ఇవాళే క్యాలెండరు తీయండి. తేదీ రాయండి. పక్కనే డాక్టరు నంబరు కూడా.

దగ్గర పెట్టుకోవలసినవి

* తల్లి కాళ్లు చాపుకుని పడుకునేంత పెట్టె, ఉతికిన పాత దుప్పట్లు. వారం ముందు నుంచే అందులో పడుకోవడం అలవాటు చేయండి.
* థర్మామీటరు, వంటింటి త్రాసు, గోడ గడియారం, నోటుపుస్తకం. ప్రతి పిల్లా పుట్టిన సమయం రాయండి.
* పొడి తువ్వాళ్లు పది, చిన్న రబ్బరు బుడ్డి, చేతి తొడుగులు.
* మరిగించిన కత్తెర, దారం, బొడ్డుకి రాయడానికి అయోడిన్ మందు.
* వేడినీళ్ల సీసా, చుట్టడానికి గుడ్డ.
* రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో అతని ఫోన్ నంబరు. ఇది మరిచిపోకండి!